పార్కు బోర్డుకు ‘కాలిబాట’ వ్యాఖ్య

మూలము: కాలనీవాసులకు విజ్ఞప్తి. ఈ పార్కు మన అందరిదీ. దీనియందు అనధికార నిర్మాణములు నిషేధము. అతిక్రమించిన వారు శిక్షార్హులు. ఇట్లు, సంక్షేమ సంఘము.

అవతారిక: భారవి కిరాతార్జునీయానికి మల్లినాథ సూరి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం. ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గమని అర్థం. మెదక్ సీమలోని కొల్చారం నుంచి వచ్చి కావ్యాలకు అంత వెడల్పు బాట వేశాడాయన. నేను హైదరాబాదులో ఒక కాలనీవాణ్ణి. పొద్దున్నే నడిచే పార్కులో బాట నాలుగడుగులు. అందుకని ఈ వ్యాఖ్యకు ‘కాలిబాట’ అని పేరు పెట్టాను. మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఆ మహానుభావుడు ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

కాలనీవాసులు, విజ్ఞప్తి: స్పష్టం.

ఈ: ఆ, ఈ, ఏ అనే మూడింటినీ వ్యాకరణం త్రికమంటుంది. లేఔటు కాగితంలో ఆకుపచ్చ రంగు పూసి ఉన్నది ఆ పార్కు. గేటు దగ్గర నిలబడితే కనిపించేది ఈ పార్కు. పదేళ్ల తర్వాత మనవలు అడగబోయేది ఏ పార్కు.

పార్కు: ఇదీ స్పష్టమే గాని ఇక్కడ ఆగకుండా పోవడం నా వల్ల కాదు. అమరసింహుడు తన నిఘంటువులో తోటల పేర్లను పురవర్గంలో కాక వనౌషధివర్గంలో చెప్పాడు. ఊళ్లో ఉన్నా అవి అడవికే చుట్టాలని కాబోలు. ఇంటిని అంటుకున్న తోట నిష్కుటం. మంత్రుల ఇళ్లకూ గణికల ఇళ్లకూ ఉండే తోట వృక్షవాటిక. ఆ ఇద్దరినీ ఒకే సమాసంలో ఎందుకు కూర్చాడో ఆయనే చెప్పాలి. అంతఃపురానికి ప్రమదవనం. రాజుదే అయినా అందరికీ ప్రవేశమున్నది ఉద్యానం. దాన్ని చెబుతూ ‘సాధారణం’ అన్న మాట వాడాడు. ఆ మాట మీద నాకు మహా మోజు. సొత్తు రాజుది, నీడ జనానిది. నేటి పద్ధతి కూడా అదే కదా! లేఔటు వేసినవాడు పదో వంతు ఖాళీగా వదిలి, దానపత్రం రాసి పురపాలక సంస్థకు అప్పగించాలి. బెంగళూరులో పార్కుకు ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. ఆసుపత్రి మంచిదే, పార్కు స్థలంలో మాత్రం కాదు.

మా ఉద్యానానికి వేళలున్నాయి. ఉదయం 5 నుంచి 8, సాయంత్రం 5 నుంచి 8. మిగతా సమయం తాళం. అంటే ఎండ లేనప్పుడు నీడ దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం ఇస్త్రీ బండి ఆవిడా, అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమి వచ్చిన అమ్మాయిలూ గోడ బయట రోడ్డు వారన కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకుంటారు. లోపల పన్నెండు సిమెంటు బెంచీలు ఖాళీగా ఎండుతుంటాయి. ‘సాధారణం’ అన్న మాటకు ఇంత దారుణమైన వ్యాఖ్య నేను రాయలేను.

మన అందరిదీ: మేము వేరు, మనము వేరు. సంస్కృతానికి కూడా లేని సౌకర్యమిది. చందా అడగడానికి వచ్చినప్పుడు పార్కు మనది. తాళంచెవి అడగబోతే మాది.

అనధికార: నఞ్ సమాసం. ‘కాదు’ అనే ఆ చిన్న అక్షరానికి పూర్వులు ఆరు అర్థాలు చెప్పారు. ఆరూ మా పార్కులోనే దొరకడం శాస్త్రం అదృష్టం. మొదటిది సాదృశ్యం: అనుమతి కాదు గాని అనుమతిలా ఉంటుంది. నల్లరాతి మీద ప్రజాప్రతినిధి పేరు చెక్కించి రిబ్బను కత్తిరిస్తే ఆ పోలిక వచ్చేస్తుంది. రెండోది అభావం: కాగితమే లేదు. మూడోది తదన్యత్వం: కాగితం ఉంది, ఇంకొకదానిది. బోరుకు తెచ్చిన కాగితం చూపించి గదికి ముగ్గు పోస్తారు. నాలుగోది తదల్పత్వం: రేకుల షెడ్డుకు సరేనంటే స్లాబు పడుతుంది. అయిదోది అప్రాశస్త్యం: పని మంచిదే, చేసిన తీరు మంచిది కాదు. పిల్లల జారుడుబండ పీకించి పెద్దల పొట్టలు తగ్గే యంత్రాలు పాతించడం దీనికి ఉదాహరణ. ఆరోది విరోధం: ఆపమని నోటీసు వచ్చిన వారమే పైకి మెట్లు కట్టడం.

నిర్మాణములు: ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వస్తుందని వ్యాకరణం చదివిన ప్రతివాడికీ తెలుసు. ఆగమం పక్కన ఒదిగి కూర్చుంటుంది. ఆదేశం ఉన్నదాన్ని లేపి ఆ చోట తాను కూర్చుంటుంది. మా సంఘం గది చరిత్ర ఇంతే. మొదట తోటమాలి గడ్డపారా పారా పెట్టుకోవడానికి వేపచెట్టు పక్కన రేకుల పాక వచ్చింది, ఆగమం. పాక చోట ఇటుక గోడలు, స్లాబు, ఏసీ, గాజు తలుపు వచ్చాయి, ఆదేశం. వేపచెట్టుకు లోపం. నడకబాట గోడకు తగిలి ఆగిపోయింది. ఇప్పుడు మేం చుట్టు తిరగం. గోడదాకా వెళ్లి వెనక్కి వస్తాం.

ఇంతకీ ఈ బోర్డు ఎక్కడుందని శిష్యుడు అడగవచ్చు. ఆ గది గోడకే, నాలుగు మేకులతో.

శిక్షార్హులు: అర్హులు అన్నారు గాని శిక్ష పడుతుందనలేదు. పింఛనుకు అర్హులైనవాళ్లందరికీ పింఛను వస్తోందా? 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి చెరువులూ పార్కులూ కాపాడతామన్నప్పుడు కాలనీలో కాస్త కలవరం పుట్టింది. సంఘం అత్యవసరంగా కూడి, రెండు గంటలు చర్చించి, ఏకగ్రీవంగా ఒక నిర్ణయానికొచ్చింది. ఆ నిర్ణయమే ఈ బోర్డు.

ఆక్షేపము: సంఘమే లేకపోతే ఈ మాత్రం స్థలమైనా మిగిలేదా? మిగిలేది కాదు. ఒకప్పుడు ఇది చెత్తకుప్ప. ఒకాయన రాత్రికి రాత్రి కడీలు పాతేశాడు. సంఘం పెద్దలే ఆఫీసుల చుట్టూ తిరిగి, అర్జీలు రాసి, కడీలు పీకించి, కంచె వేయించారు. బోరు వేయించారు, మొక్కలు నాటారు. ఇది దాచిపెట్టి టీక రాస్తే నాకు పాపం. కానీ తరిమినవారికి ఆ స్థలం సొంతమైనట్టు ఎప్పుడు అనిపించిందో, ఏ మినిట్స్ పుస్తకంలోనూ దొరకదు.

తాత్పర్యము: ఈ పార్కులో కట్టే అధికారం మాకు తప్ప ఇంకెవరికీ లేదని కవి హృదయం. ఇలా రాసి కలం మూద్దామనుకున్నాను. కానీ గది కట్టాలన్న తీర్మానానికి సర్వసభ్య సమావేశంలో చేతులెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నా 2,000 రూపాయల రసీదు బీరువాలో భద్రంగా ఉంది. ప్రారంభం నాడు ఉప్మా రెండోసారి వడ్డించుకుని బాగుందన్నాను. వేపచెట్టు ఏదని ఆ పూట నాకు తోచనేలేదు. కాబట్టి మూలంలోని ‘మన’ శబ్దం సాధువే. దాని మీద పైన రాసిన మాటలు కొట్టివేయగోరుతున్నాను.

ఇది ‘కాలిబాట’ అను వ్యాఖ్య, గోడదాకా సమాప్తము.