పెట్టె ఉచితం, బొమ్మకి బిల్లు

డల్లాస్‌లో ఉద్యోగం చేసే కొడుకు సెలవులకి తమిళనాడులోని ధర్మపురి వచ్చాడనుకుందాం. పెట్టెలో చాక్లెట్లు, విటమిన్ బిళ్లలు, నాన్నకి ప్రత్యేకంగా ఒక పల్చటి నల్ల రేకు. ఇండోర్ యాంటెన్నా! “కిటికీకి అంటించి టీవీకి తగిలించు నాన్నా, కేబులోడికి నెలనెలా కట్టే పనుండదు” అంటాడు. డల్లాస్‌లో అది అక్షరాలా నిజం. 2009 జూన్ 12న అమెరికా పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలకి మంగళం పాడినా, గాల్లో డిజిటల్ తరంగాలు నింపాకే పాడింది. ఏబీసీ, ఎన్‌బీసీ, ఫాక్స్ అక్కడ కిటికీలోంచి ఊరికే వచ్చిపడతాయి.

ధర్మపురి కిటికీలోంచి ఊరికే వచ్చేవి దోమలే.

రేకుని ఉత్తరపు గోడకి పెట్టినా, పూజగది అలమరా మీద పెట్టినా, పెద్దాయనే చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద నిలబడినా, తెర మీద గీత నూటికి నూరు శాతం దాకా పాకి “దొరికిన చానళ్లు: 0” అని తేల్చేస్తుంది. “మిద్దె మీదికి తీసుకుపోరా” అంటుంది తల్లి. ఆవిడకి గొట్టాల యాంటెన్నా రోజులు గుర్తు. పైన ఒకరు తిప్పడం, కింద ఇంకొకరు “వచ్చె, వచ్చె... పాయె!” అని అరవడం.

రేకు తప్పేం లేదు. పట్టుకోవడానికి గాల్లో ఏదో ఒకటి ఉండాలి కదా! ప్రసార భారతి తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని, వ్యూహాత్మక ప్రాంతాల్లోని ఓ యాభై మినహా, 2021-22 నాటికి కట్టేసే పని పెట్టుకుంది. డిజిటల్ భూతల ప్రసారాలు 2016లో 16 నగరాల్లో మొదలయ్యాయి. చెన్నై, బెంగళూరు ఆ జాబితాలో ఉన్నాయి. ధర్మపురికి బెంగళూరు సుమారు 130 కిలోమీటర్లు, మధ్యలో కొండలు. ఇంట్లో పెట్టే రేకు యాభై కిలోమీటర్లు లాగితే గొప్ప. ఆన్‌లైన్ ప్రకటనల్లో మాత్రం వందల కిలోమీటర్లు లాగుతుంది, అదీ 4కేలో.

ఇదంతా ఉచితానికి పుట్టిల్లయిన రాష్ట్రంలో జరగడమే వింత. 2006 ఎన్నికల్లో ఇంటింటికీ కలర్ టీవీ అన్నారు కరుణానిధి. గెలిచారు, కోటిన్నరకు పైగా పెట్టెలు పంచారు. 2011లో జయలలిత వంతు: మిక్సీ, గ్రైండర్, ఫ్యాన్. ఇది ఓటుకి లంచం కాదా అని వ్యాజ్యం సుప్రీంకోర్టుకి చేరితే, మ్యానిఫెస్టో వాగ్దానం చట్టం దృష్టిలో అవినీతి కాదని 2013 జూలై 5న తీర్పొచ్చింది. మరి కరుణానిధి పంచిన పెట్టెలోకి బొమ్మ ఎలా రావాలి? కేబుల్ ఉందిగా! ఆ కేబుల్ సొమ్ము ఎవరింటికి చేరుతుందని అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న జయలలిత పార్టీ నానా గోల చేసింది. అధికారంలోకి వచ్చాక ప్రభుత్వ ‘అరసు కేబుల్’కి ప్రాణం పోసింది, నెలకి 70 రూపాయలకి. చౌకే, కానీ ఉచితం కాదు.

అసలైన ఉచితం వేరే ఉండేది. 1975 ఆగస్టు 15న మొదలైన మద్రాసు దూరదర్శన్ గాల్లోనే వచ్చేది. మొదట్లో పోస్టాఫీసులో టీవీ లైసెన్సు కట్టాలి, 1980ల్లో ఆ బెడదా వదిలింది. ఇచ్చింది మేమేనని ఏ నాయకుడూ బొమ్మ వేసుకోని ఉచితం అది. అందుకే పోయినప్పుడు ధర్నా చేసే దిక్కు లేకపోయింది.

ఇక్కడి తెలుగిళ్ల గొడవ ఇంకొకటి. హైదరాబాద్ కేంద్రం 1977లోనే పుట్టినా దాని తరంగాలు ఇంతదూరం రాలేదు. గాల్లోంచి మద్రాసు తమిళం, ఢిల్లీ హిందీ వచ్చేవి. జెమిని, ఈటీవీ 1995లో వచ్చాక గానీ ప్రైవేటు తెలుగు చానల్ అనేది ఊళ్లోకి అడుగుపెట్టలేదు, అదీ కేబుల్ తీగ పట్టుకుని.

పెద్దాయనకి నిజంగా పనికొచ్చేది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. గొడుగు ఆగ్నేయానికి తిప్పి ఒక పెట్టె కొంటే నెలవారీ బిల్లు ఉండదు. యాదగిరి, సప్తగిరి, డీడీ తమిళ్ వస్తాయి. మిగతా చోటు వేలంలో కోట్లు పోసి కొనుక్కున్నవి ఎక్కువగా హిందీ చానళ్లు. హిందీ వద్దని దశాబ్దాలు పోరాడిన గడ్డ మీద ఊరికే దొరికేది హిందీ సినిమా!

ఈలోగా ఢిల్లీ వారికి ఖాళీ గాలి మీద మళ్లీ మనసైంది. ఇంటర్నెట్ లేకుండా నేరుగా ఫోన్‌కే టీవీ అంటూ బెంగళూరులో, ఢిల్లీలో ప్రయోగాలు చేశారు. ఫోన్‌లో అందుకు వేరే చిప్ ఉండాలట. దానివల్ల ధర పెరుగుతుందని కొందరు తయారీదారులు మొహం చిట్లించారు. తమిళనాట ఏ పార్టీ మ్యానిఫెస్టోలోనూ ఆ చిప్ ఇంకా చేరినట్టు లేదు.