ఖిడ్కీలో నింపాదిగా

ఢిల్లీ సందుల్లో నింపాదిగా నడిచే మనిషి కనిపిస్తే జనానికి రెండే అనుమానాలు: ఫ్లాటు కొనడానికొచ్చాడా, కూల్చడానికొచ్చాడా? మన రెసిడెన్సీ చిత్రకారుడు ఈ రెంటిలో ఏదీ కాడు. ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌కు వచ్చిన చిక్కంతా అదే.

ఇతను ఏటా వస్తాడు. పేరు మారుతుంది, ఊరు ఓసారి విశాఖ, ఓసారి వరంగల్. మనిషి మాత్రం ఒక్కడే: నలిగిన ఖాదీ కుర్తా, నలగని స్కెచ్‌బుక్కు, తొందరపడే లోకం మీద అపారమైన జాలి. 1997లో మొదలైన ఖోజ్ కళాకారుల సంస్థ ఉన్నది ఈ సందుల్లోనే గనక ఈ పేటకు ఇలాంటివాళ్లు కొత్త కాదు. అయినా భయం భయమే.

"నేను ఊరిని గీయను అన్నా, నడుస్తానంతే. గీత దానంతటదే వస్తుంది" అంటాడు. గీత కన్నా ముందు ఈ-రిక్షా వస్తుంది. "మెట్రో? మెట్రో?" అని డ్రైవరు అరుస్తాడు. ఇతను బుద్ధుడిలా నవ్వుతాడు. వెనక స్కూటర్లన్నీ హారన్లు మోగిస్తాయి.

పొద్దున బయల్దేరినవాడు భోజనాల వేళకు మూడో బిల్డింగు చేరతాడు. తలెత్తి పై అంతస్తులు చూసి పుస్తకంలో ఏదో గీస్తాడు. అలా చూసి రాసుకునేవాడు మున్సిపాలిటీ మనిషే అని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. బాల్కనీలోంచి ఆంటీ, "క్యా నాప్ రహే హో భయ్యా?" అంటుంది. ఏం కొలుస్తున్నావని. "కాలాన్ని" అంటాడు మనవాడు, తెలుగు యాసలో వచ్చిన హిందీలో. ఆమె వెంటనే మరిదికి ఫోన్ చేస్తుంది.

సాయంత్రానికి ప్రాపర్టీ డీలరు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, గొంతు తగ్గించి "ఎంతలో తేలుద్దాం సార్?" అంటాడు. "డబ్బెందుకండీ, మీ జ్ఞాపకాలు చాలు." డీలరు ముఖం పాలిపోతుంది. లంచం పుచ్చుకోని ఆఫీసరును అతను అంతవరకు చూడలేదు మరి.

ఇంతలో ఎవరో ఖిడ్కీ మసీదు కథ చెబుతారు. కట్టించింది ఫిరోజ్ షా తుగ్లక్ వజీరు జూనాన్ షా. అతని తండ్రి మక్బూల్ తిలంగానీ మన తెలంగాణవాడే, 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ చేరి, మతం మారి, తనూ వజీరయ్యాడు. ఇక చూడండి, మనవాడి నడకలో ఇంటి యజమాని ఠీవి వచ్చేస్తుంది. ఎనభై ఒక్క గుమ్మటాల కట్టడం ముందు కూర్చుని ఒక్క కిటికీ జాలీలో సగం గీస్తాడు. ఎదురుగా సాకేత్ మాల్ ఏసీలో మిగతా సగం ఆలోచిస్తాడు.

ఆదివారం మాత్రం ఇతణ్ణి పట్టుకోలేం. మాలవీయనగర్ మెట్రో మెట్లు రెండేసి దూకుతాడు. ఆంధ్రా భవన్ బిర్యానీ అయిపోతే కాలాన్ని కొలిచి ఏం లాభం?

రెసిడెన్సీ చివర ఓపెన్ స్టూడియో. గోడ పొడవునా కాగితం చుట్ట విప్పుతాడు. కళా విమర్శకుల కన్నా ముందే వీధి వీధంతా దిగుతుంది, ఎవరి ఇల్లు ఎంతవరకు ఎక్కించాడో చూసుకోవడానికి. రెండో అంతస్తు పైన అన్నీ కరెంటు వైర్లే. ఆంటీ కట్టిన నాలుగో అంతస్తు ఎక్కడా లేదు. ఆమె సమోసాలు తెప్పిస్తుంది. డీలరు బొమ్మను రెండుసార్లు పరీక్షగా చూసి, దాని జిరాక్సు ఒకటి కావాలంటాడు, కింద సంతకం, స్టాంపుతో.