మొగిలి మలుపులు

బంగారుపాళ్యంలో బెంగళూరు బస్సెక్కితే చాలు, పక్క సీటాయన పేరైనా చెప్పకుండా చెడిపోయిన పెళ్లిసంబంధం కథ మొదలుపెడతాడు. మొగిలి ఘాట్ ఎక్కేలోగా జీవితంలో మూడు మలుపులు అయిపోతాయి. ఘాట్ మలుపులే నయం, ముందు బోర్డన్నా ఉంటుంది!

బస్సులోనే కాదు, క్యూలోనూ అంతే. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకి ఫ్యాక్టరీ 8, సర్కారు 4, వెరసి 12 రూపాయలన్నారు. కాయ దిగేలోగా ముందు బండాయన, వెనక బండాయన బాల్యం నుంచి ఎండిన బోరు దాకా అన్నీ చెప్పేసుకున్నారు. కాయలు మాగాయి, స్నేహమూ మాగింది.

ఇంటికొచ్చాక వెనక బండాయన్ని పెళ్లాం అడిగింది: “ఏమబ్బా, ఇన్ని దినాలు ఆడేం చేస్తా ఉంటివి?”

“ఏముండాది? ఊరికే నిలబడుంటి.”