ఖాళీ లేని నంబరు

2021 జూన్ 20, ఆదివారం. ఆంధ్ర రాష్ట్రమంతటా కరోనా టీకా పెద్ద ఎత్తున వేస్తున్న రోజు. చల్లపల్లి మండలంలో ఓ ఊరి బడి వరండాలో బల్లలు వేసి టీకా కేంద్రం పెట్టారు. 45 ఏళ్ళు దాటినవాళ్ళకూ, ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకూ ముందు వేయాలని ఆదేశం. గ్రామ వాలంటీరు అమ్మాయి పొద్దు పొడవకముందే తన వంతు యాభై ఇళ్ళూ తిరగడం మొదలుపెట్టింది.

కాలువ పక్క వీధిలో ఓ ఇంటి ముందు ఆగి పిలిచింది.

"పిన్నీ, ఇవాళ నీకు టీకా. ఆధార్ కార్డు పట్టుకుని బడి దగ్గరికి వచ్చెయ్."

దొడ్లో పేడ ఎత్తుతున్న ఆమె చేతులు కడుక్కుంటూ భర్త వైపు చూసింది. ఆయన అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నాలుగెకరాల కౌలు రైతు. కాలువకు నీళ్ళు వదిలితే నారుమడి తడుపుకోవాలని ఎదురుచూస్తున్నాడు.

"దానికిప్పుడు ఎందుకమ్మాయ్? ఇంట్లో ఉండే మనిషి. బయట తిరిగేవాళ్ళం మేం వేయించుకున్నాంగా, చాల్లే" అన్నాడు.

ఇంట్లో ఉండే ఆ మనిషి తెల్లారేసరికి రెండు గేదెల పాలు పితికి పాల కేంద్రంలో పోసి వస్తుంది. నాట్లకీ కలుపులకీ కూలికి వెళ్తుంది. మే నెలలో పెద్దకొడుక్కి కరోనా వచ్చి పక్కగదిలో పడుకుంటే, కంచం అందించిందీ, కంచం కడిగిందీ, దుప్పట్లు ఉతికిందీ ఆమే. ఆ ఇంట్లో జబ్బుకు అందరికంటే దగ్గరగా నిలబడ్డది ఆమే.

"అట్లా అనకు బాబాయ్. పిన్నికి 48 ఏళ్ళు. ఏప్రిల్లోనే వేయించాల్సింది" అంది వాలంటీరు.

అప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"ఏప్రిల్లో సూది వేయించుకుని నేను రెండ్రోజులు మంచం దిగలేదు. ఇది కూడా పడుకుంటే వంటెవరు చేస్తారు? గేదెల సంగతి ఎవరు చూస్తారు? అదీగాక నా ఫోను నంబరు మీద ఖాళీ లేదు. నిండిపోయింది."

ఆ రెండ్రోజులూ ఆయన తలకు తడిగుడ్డ వేసి, వేళకు జావ కాచి ఇచ్చిన మనిషి పక్కనే నిలబడి వింటోంది. తను పడుకుంటే జావ కాచేవాళ్ళు లేరన్నది ఆమె టీకా వేయించుకోకపోవడానికి కారణమైంది.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. ఆ జూన్ చివరి వారం నాటికి దేశంలో మగవాళ్ళకు 1000 డోసులు అందితే ఆడవాళ్ళకు అందినవి 856. ఆడవాళ్ళు తక్కువున్నారు కాబట్టి అని సరిపెట్టుకోవడానికి వీల్లేనంత తేడా. అప్పట్లో టీకాల నమోదుకు వాడిన కోవిన్‌లో పేరు ఎక్కించాలంటే ఫోను కావాలి, ఓటీపీ చదవాలి. ఫోను మగవాడి జేబులో ఉంటుంది. కేంద్రం దూరంగా ఉంటే తీసుకెళ్ళే తోడు కావాలి, ఆ రోజు కూలి పోతుంది. బహిష్టు రోజుల్లో వేయించుకుంటే ప్రమాదమని ఒక పుకారు, పిల్లలు పుట్టరని ఇంకో పుకారు. టీకా పరీక్షల్లో గర్భిణులను చేర్చుకోకపోవడంతో వాళ్ళకు వేయవచ్చన్న అనుమతి జులై 2న గానీ రాలేదు. అప్పటికి రెండో ఉప్పెన ఎందరో తల్లులను తీసుకుపోయింది. పాలిచ్చే తల్లులకు సైతం మే 19 దాకా ఆగాల్సి వచ్చింది.

దేశం లెక్క అలా ఉంటే, ఆంధ్ర, కేరళ లాంటి కొద్ది రాష్ట్రాల్లో ఆడవాళ్ళు మగవాళ్ళను దాటారు. ఇక్కడ ఏఎన్ఎం ఊళ్ళోకి వచ్చింది, ఆశ కార్యకర్త గడపలోకి వచ్చింది, వాలంటీరు పేరు పెట్టి పిలిచింది. ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందు వేయాలని ఆ నెలలోనే ప్రభుత్వం నిర్ణయించింది. టీకా మనిషి దగ్గరికి నడిచి వస్తే ఆడవాళ్ళు వెనకబడరని ఇక్కడ రుజువైంది.

కాలువ పక్క ఆ ఇంటి ముందు వాలంటీరు గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇక్కడికి నాలుగడుగులు బాబాయ్. పిన్ని రాకపోతే నేను ఇంకో ఇంటికి వెళ్ళను."

కాదనలేక ఆయన కూడా చొక్కా తగిలించుకుని వెంట వచ్చాడు.

బడి వరండాలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు ఆధార్ నంబరు కొట్టుకుని అడిగాడు.

"ఫోను నంబరు చెప్పండమ్మా."

"నాకు ఫోనెక్కడిది బాబూ? మా ఆయనది రాసుకో."

ఆయన ముందుకొచ్చి తన నంబరు చెప్పాడు. కుర్రాడు కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈ నంబరు మీద ఇప్పటికే నలుగురున్నారండి. ఒక నంబరుకు నలుగురే. ఇంకో నంబరేదైనా ఉంటే చెప్పండి."

మొదటి పేరు ఆయనది. రెండోది ఆయన అన్నయ్యది. మూడోది పెద్దకొడుకుది, వాడి వయసువాళ్ళకు ఇంకా వంతు రాకపోయినా ముందుజాగ్రత్తగా ఎక్కించాడు. నాలుగోది ఊరి సెంటర్లో రోజూ తనతో టీ తాగే స్నేహితుడిది. స్నేహితుడు అడిగితే కాదనలేకపోయాడు. భార్య అడగలేదు.

"నేను ముందే చెప్పానా లేదా? నా నంబరులో ఖాళీ లేదు. పద, ఇంటికి పోదాం" అన్నాడాయన.

ఏఎన్ఎం లేచి వచ్చింది. "నంబరు లేదని టీకా ఆగదు అన్నయ్యగారూ" అని ఆశ కార్యకర్త వైపు చూసింది. ఆమె తన నంబరు చెప్పింది. కుర్రాడు దాన్నే ఎక్కించాడు. ఎడమ భుజానికి సూది పడింది. ఏఎన్ఎం పారాసిటమాల్ మాత్రలు చేతిలో పెట్టి, ఆయనతో అంది.

"జ్వరం రావచ్చు. వస్తే మీరు పడుకున్నట్టే ఆమెనూ పడుకోనివ్వండి. వంట మీరు చూసుకోండి."

అరగంట అక్కడే కూర్చోవాలి. ఆ అరగంటలో వాలంటీరు ఇంకో పని పెట్టుకుంది. మంగళవారం, అంటే 22న, రాష్ట్ర ప్రభుత్వ చేయూత పథకం రెండో విడత 18,750 రూపాయలు ఖాతాల్లో పడబోతున్నాయి. 45 నుంచి 60 ఏళ్ళ లోపు వెనకబడిన, దళిత, గిరిజన, మైనారిటీ కుటుంబాల ఆడవాళ్ళకు అప్పట్లో వచ్చిన డబ్బు. జాబితా తెరిచి ఒక్కొక్కరి ఖాతా, ఫోను నంబరు సరిచూస్తోంది.

"పిన్నీ, నీది కూడా చూస్తాను. బ్యాంకు పుస్తకం నంబరు సరిపోయింది. ఫోను నంబరు..." అంటూ పది అంకెలూ పైకి చదివింది.

కంప్యూటరు దగ్గర కుర్రాడు తలెత్తాడు.

"అక్కా, ఇందాక నిండిపోయిందన్న నంబరు అదేగా?"

వాలంటీరు మళ్ళీ చూసింది. ఆధార్‌కు జతచేసింది అదే. బ్యాంకు ఖాతాలో ఉన్నదీ అదే.

"బాబాయ్, ఈ నంబరు నీది కాదు. పిన్నిది. నిరుడు ఆగస్టులో చేయూత మొదటి విడత పడితే, చిన్నోడి ఆన్‌లైన్ పాఠాలకని ఆ డబ్బుతోనేగా ఫోను కొన్నారు? డబ్బు వచ్చినట్టు మెసేజ్ రావాలని సిమ్ము పిన్ని ఆధార్ మీద తీయమని నేనే చెప్పాను."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబులో ఉన్నది పది నెలలుగా 'నా ఫోను'.

బెంచీ మీద కూర్చున్న ఆమె భుజం మీద దూది తీసేసి, భర్త వైపు సూటిగా చూసి అడిగింది.

"అయితే ఏవండీ, నా నంబరులో మీ టీ స్నేహితుడికి కూడా చోటు దొరికింది. నాకే దొరకలేదా?"

ఆ రోజు సాయంత్రానికి రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఆమెకు టీకా వేసినట్టు వచ్చిన మెసేజ్ మాత్రం ఆశ కార్యకర్త ఫోనులో పడింది.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేరు మీద పథకాలుంటాయి, ఖాతాలుంటాయి, సిమ్ములుంటాయి. వాటి వల్ల వచ్చే సౌకర్యం పంచుకునేటప్పుడు వాళ్ళ పేరు చివర వస్తుంది, లేదా రాదు. కరోనా ఉధృతి తగ్గింది. రేపు ఇంకో టీకా వస్తుంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడే టీకా ఇప్పటికే వచ్చింది. దాని కోసం పేర్లు రాసేటప్పుడు ఇంటి ఆడపిల్ల పేరు మొదట రాయండి. ఈరోజే ఒకసారి మీ జేబులోని ఫోను ఎవరి పేరు మీద ఉందో చూడండి. అది మీ ఇంటి ఇల్లాలిదైతే, ఆమె చేతికి ఇచ్చేయండి.