మా రోజుల్లో మెట్లు కొలిచి కట్టేవారు

మా రోజుల్లో మేడ కట్టడమంటే మాటలు కాదబ్బాయీ. ఊరు మొత్తానికి మేడలు రెండో మూడో ఉండేవి, మిగతావన్నీ పెంకుటిళ్లూ తాటాకిళ్లే. అందుకే మెట్లు కట్టడం తాపీమేస్త్రికి పరువుకు సంబంధించిన పని. మెట్టు తేడా వస్తే నలుగురూ నాలుగేళ్లు చెప్పుకునేవారు. ఇవాళ వీధికి నాలుగు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. కాలికి సుఖంగా ఉండే మెట్లు ఒక్కదాంట్లో ఉన్నాయేమో చూపించు, ఒప్పుకుంటాను.

మా పెదనాన్నగారింటికి మెట్లు కట్టిన మేస్త్రి ఎలా కట్టాడో చెబుతాను, విను. ముందు ఇంటావిణ్ణి పిలిచి, కింద గచ్చు ఎంత మందం వేయిస్తారు, పైన ఎంత వేయిస్తారు అని అడిగాడు. ఆ రెండు లెక్కలూ తేలితే గాని తాపీ పట్టనన్నాడు. తర్వాత పక్కగోడ మీద బొగ్గుతో కింది గచ్చు మట్టం, పై గచ్చు మట్టం గీశాడు. మధ్య ఎత్తును దారంతో కొలిచి, ఆ దారాన్ని సమానంగా మడతలు పెట్టి, మెట్టు మెట్టుకూ గోడ మీదే గుర్తు పెట్టాడు. అక్కడితో ఆగాడా? ఇటుకలు రెండు వరసలు పేర్చి మా నాయనమ్మని ఎక్కమన్నాడు. ఆవిడ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఎక్కింది. అది చూసి ఒక్కో మెట్టుకు అర అంగుళం తగ్గించి, పైన ఒక మెట్టు పెంచాడు. మెట్ల సంఖ్య బేసి కావాలని మా పెదనాన్న పట్టుబడితే, బేసి కోసం ఎత్తు చెడగొట్టనని మళ్లీ మొత్తం లెక్క కట్టుకొచ్చాడు. ఆ ఇంట్లో చీకట్లో కూడా దీపం లేకుండా ఎక్కి దిగేవాళ్లం.

ఇప్పుడేం చేస్తున్నారు? స్లాబుతో పాటే మెట్లు పోసేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఫ్లోరింగువాళ్లు దిగుతారు. హాలులో ఇసుకా సిమెంటూ కలిపి మూడంగుళాలు లేపుతారు, మెట్ల మీద అంగుళం మందాన రాయి అతికిస్తారు. ఏడంగుళాలుండాల్సిన మొదటి మెట్టు అయిదంగుళాలకు దిగిపోతుంది, పైమెట్టు దాని దారిన అది ఇంకోలా తేలుతుంది. రెండంగుళాలే కదా అంటావు నువ్వు. నాయనా, మెట్లను ఎవరూ కళ్లతో చూసి ఎక్కరు. రెండు మెట్లు ఎక్కేసరికి ఎంత లేవాలో కాలు నేర్చేసుకుంటుంది, మిగతావన్నీ అలాగే ఉంటాయని నమ్మి లేస్తుంది. ఆ నమ్మకం తప్పిన చోటే మనిషి బోర్లా పడతాడు. అమెరికాలో ఇళ్లకు వాడే మాదిరి కోడులో ఒక వరస మెట్లలో అన్నిటికంటే ఎత్తైనదానికీ పొట్టిదానికీ మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు మించకూడదని రాసి పెట్టారు. మా మేస్త్రి ఆ కోడు చదవలేదు, దారం మడతతోనే సాధించాడు.

మన దేశంలో రూలు లేదనుకునేవు. 1970లోనే జాతీయ భవన నిర్మాణ నియమావళి అచ్చయింది. 1983లో, 2005లో, 2016లో దాన్ని దిద్దారు. ఇంటి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదు. కాలు మోపే వెడల్పు 250 మిల్లీమీటర్లకు, అంటే పదంగుళాలకు తగ్గకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 2012లో, విడిపోయాక ఆంధ్రకు 2017లో వేరే భవన నిబంధనలూ వచ్చాయి. ఇంత రాసిన తర్వాత కూడా కారు పార్కింగుకు, లిఫ్టుకు, హాలుకు చోటు తీసేసి, మిగిలిన మూలలో మెట్లను ఇరికిస్తున్నారు. ఆ మూలలో పదంగుళాలు ఎక్కడ పడతాయి? మడమ గాల్లో ఉంచి దిగాల్సిందే.

ఇక రాయి సంగతి. మా రోజుల్లో మెట్లకు నాపరాళ్లు పరిచేవారు, పైన ఉలి గాట్లుండేవి, తడి కాళ్లతో వచ్చినా పట్టు దొరికేది. ఇప్పుడు అద్దంలా మెరిసే గ్రానైటు. వానాకాలం గొడుగు ముడుచుకుని లోపలికొస్తే, కారిన నాలుగు చుక్కలకే జారతావు. మెట్టు అంచున గాట్లు కోయించమంటే మెరుపు పోతుందంటారు. మెరుపు ఎవరికి కావాలయ్యా, నడుం కావాలి గాని!

రెయిలింగు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా ఇళ్లలో నిలువు ఊచలు, పైన గుప్పిట్లో పట్టే టేకు కమ్మీ. ఇప్పుడు అడ్డంగా నాలుగు వరసల స్టీలు పైపులు బిగిస్తున్నారు. మూడేళ్ల పిల్లవాడికి అది నిచ్చెన. ఒక్కో పైపు మీద కాలేసి అంచుకు ఎక్కేస్తాడు. పైఅంతస్తు రెయిలింగులో నాలుగంగుళాల బంతి దూరే సందు కూడా ఉండకూడదని అదే అమెరికా కోడు చెబుతుంది, పసిపిల్లల తలలు తలుచుకుని రాసిన లెక్క అది. మనవాళ్లు పైపు మీద పైపు ఎంత దూరంలో ఉంటే ఖర్చు తగ్గుతుందో ఆ లెక్కే చూస్తారు.

మా రోజుల్లో అంతా బంగారమే అని నేనూ అనను. అటకెక్కడానికి గోడకు చేరేసిన నిచ్చెన తప్ప ఇంకేం ఉండేది కాదు. కొన్ని మేడమెట్లకు రెయిలింగు బదులు దూలానికి కట్టిన తాడు వేలాడేది. అది పట్టుకుని ఎక్కుతూ జారిపడి తుంటి విరిగి, మంచం దిగకుండానే పోయిన ముసలమ్మలు ఊరికొకరుండేవారు. రెయిలింగు వచ్చింది, మంచిదే. నాకూ ఇప్పుడు అది లేకపోతే ఎక్కడం కుదరదు. నా గోలల్లా ఒక్కటే. అప్పుడు రూలు లేదు, కొలిచేవాడున్నాడు. ఇప్పుడు రూలుంది, టేపు తీసేవాడు లేడు.

దీనికంతటికీ మూలం లిఫ్టు. పొద్దున దిగేదీ రాత్రి ఎక్కేదీ అందులోనే కాబట్టి, మెట్లు ఎలా ఉన్నాయో ఎవరికీ పట్టదు. ల్యాండింగులో చెప్పుల స్టాండు, పూలకుండీలు, పిల్లాడి పాత సైకిలు, ఖాళీ వాటర్ టిన్నులు. నిప్పంటుకున్న రోజున లిఫ్టు ఎక్కకూడదని దాని పక్కనే బోర్డు ఉంటుంది. ఆ రోజు పొగలో, కరెంటు లేని చీకట్లో, ముసలీ ముతకా అందరం దిగాల్సింది ఆ మెట్ల మీదుగానే కదా! తేడా మెట్టు ఒక్కటుంటే ముందువాడు పడతాడు, వాడి మీద వెనకవాళ్లు.

అందుకని చెబుతున్నాను, విసుక్కోకుండా విను. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు వంటింటి అరలు తర్వాత చూడు. ముందు కింది నుంచి పైదాకా మెట్లెక్కి, ఒక్కో మెట్టు ఎత్తూ వెడల్పూ కొలువు. రెయిలింగు పట్టుకుని గట్టిగా ఊపి చూడు. పసిపిల్లలుంటే నిలువు ఊచలు పెట్టించమను. కట్టిస్తున్నది నువ్వే అయితే, మెట్లు పోయక ముందే గచ్చు మందం మేస్త్రికి చెప్పు. ఇంటికి అరకోటి పోసేవాడివి, వంద రూపాయల టేపుకు వెనకాడతావేం?