ఎకరానికి మస్టర్ ఏదీ?

ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు. రైతు భరోసా కింద ఎకరానికి ఏడాదికి 12 వేలు. రెండింటికీ 2025 జనవరి 26నే ముహూర్తం. సర్కారు లెక్కలో ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఎకరం పెట్టు. పోనీ, ఎకరమంటే మాటలా! కాకపోతే ఆ ఇంటిల్లిపాదికి ఓ షరతుంది. 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పని చేసి ఉండాలి. ఎకరానికి ఆ భాగ్యం లేదు. సాగుకు పనికొస్తే చాలు, సాగు చేశారా అని అడిగే నాథుడు లేడు.

ఇది ఎకరానికి జరిగిన అవమానం. మా మనూర్ మండలం నుంచే సరిదిద్దుదాం.

పొద్దున ఎనిమిదింటికి ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్ (హాజరు పట్టీ) పట్టుకుని మంజీర ఒడ్డు రేగడికి వచ్చి సర్వే నంబరు పిలుస్తాడు. పొలం పలకాలి. యాప్‌లో రెండు పూటలా ఫోటో. సిగ్నల్ లేదా? పొలమే గుట్టెక్కి నిలబడాలి. పడావు పడి ఉందా? పని మీద పడుకున్నట్టే, ఆ రోజుకి గైర్హాజరు. వేలిముద్ర దగ్గర కాస్త చిక్కు. పొలానికి వేలెక్కడిది? పట్టాదారు వేలు పట్టుకురావాలి. ఆయనేమో కూకట్‌పల్లిలోనో న్యూజెర్సీలోనో ఉంటాడు. రమ్మందాం. తట్టా పారా ఇచ్చి చెరువు పూడికలోకి దింపుదాం. ఇరవై రోజులు నిండితే సీజన్‌కు ఎకరానికి ఆరు వేలు. పంతొమ్మిదో రోజున నడుం పట్టేసిందా? పాపం, ఈసారికి లేనట్టే.

అన్నట్టు, ఆ ఇరవై రోజులు ఇప్పుడు చేస్తే చెల్లవు. 2023-24 ఆర్థిక సంవత్సరం 2024 మార్చి 31తో ముగిసింది. షరతు చెప్పింది 2025 జనవరిలో. కాబట్టి న్యూజెర్సీ ఆసామి విమానమెక్కి లాభం లేదు, కాలయంత్రం ఎక్కాలి. 1997లో మెక్సికో వాళ్లు ప్రోగ్రెసా అని పెట్టి, పిల్లల్ని బడికి పంపితే డబ్బిస్తామన్నారు. తల్లులు మర్నాటి నుంచి పంపారు. పాత పద్ధతి! మనది అంతకు మించింది. నిరుడు చేయని పనికి ఈ ఏడాది గైర్హాజరు వేస్తాం.

నారాయణఖేడ్ పట్నంలో ఉండే కూలీకైతే కాలయంత్రమూ దండగ. అది మున్సిపాలిటీ, ఉపాధి హామీ పల్లెలకే. పది గుంటలున్నవాడు మరీ అదృష్టవంతుడు. వాడు కూలీ కాదు, రైతు. సీజన్‌కు 1,500 రూపాయలు.

దసరా దాటితే మా దిక్కు తండాల్లో ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. ఆలుమగలు జోడీగా చెరుకు కొట్టడానికి పోతారు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తిరిగి రాలేరు. అర్ధరాత్రి లారీ వచ్చినా లేచి కట్టలు మోసి నింపాలి. ఆ జోడీలో ఆమె నరికిన చెరుకును ఫ్యాక్టరీ కాంటా టన్నుల్లో రాసుకుంది. మస్టర్‌లో మాత్రం ఆమె పేరు పక్కన ఇరవై రోజులు లేవు. గ్రామసభలో చదివిన జాబితాలో ఆమె లేదు. అంటే, సర్కారు వారూ, ఆమె పని చేయలేదని మీ కాగితం చెబుతోంది. ఎవరితో, అరచేతులు కాయలు కాసిన మనిషితో!

సీలింగు చట్టం మెట్ట భూమికి ఒప్పుకున్న గరిష్ఠం 54 ఎకరాలు. అంత భూమి ఉన్న ఆసామికి మీ రేటు ప్రకారం ఏడాదికి 6,48,000 రూపాయలు. ఆయన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. 12 వేలకు ఈమెను సాక్ష్యం తెమ్మన్నారు. పేదవాళ్లు ఊరికే తింటారన్న అనుమానం తప్ప ఆ ఇరవై రోజుల లైనుకు ఇంకో కారణముంటే చెప్పండి. లేకపోతే కొట్టేయండి, ఇవాళే.