రాక్షసుల వకీలు

ముల్బాగల్ దగ్గరి ఆవని ఊళ్ళో రామలింగేశ్వరుడి గుళ్ళోకి ఎప్పుడు వెళ్ళినా మంటపం నీడన ఈయన తగులుతాడు. పేరు ఏదైనా కానీండి, ఊరు పిలిచేది రావణ మేష్ట్రు అని. వయసులో ఉండగా పండగ నాటకాల్లో పదితలల కిరీటం కట్టాడు. కిరీటం ఎప్పుడో దించేశాడు గానీ రాక్షసుల కేసు మాత్రం వదల్లేదు.

వదలకపోవడానికి ఊరు కూడా చూసుకోవాలి కదా. ఇది వాల్మీకి ఆశ్రమం ఉన్న చోటని, సీతమ్మ లవకుశుల్ని కన్నది ఇక్కడేనని జనం నమ్మకం. కొండమీద సీతమ్మ గుడి. కింద రాముడు, ముగ్గురు తమ్ముళ్ళు తలా ఒక లింగాన్ని నిలిపారని చెప్పే గుళ్ళు. అలాంటి చోట రాక్షసుల పక్షం మాట్లాడడమంటే దోశకు పేరుపడ్డ ముల్బాగల్లో హోటల్లో కూర్చుని దోశ బాగాలేదనడమే.

ఆయనకు అదేం పట్టదు. "వాళ్ళు పుట్టిందెట్లనో తెలుసునా అన్నా?" అని ఉత్తరకాండ ఎత్తుకుంటాడు. బ్రహ్మ నీళ్ళను సృష్టించి, వాటిని కాపాడమని కొన్ని ప్రాణుల్ని పుట్టించాడు. కాపాడతామన్నవాళ్ళే రాక్షసులయ్యారు. "అంటే వాచ్‌మన్లు! పుట్టేటప్పుడే ఆకలి, జీతం మాట ఎత్తినోడు లేడు. కొట్లాడక ఏం చేస్తారు?"

తర్వాత హేతి, ప్రహేతి, విద్యుత్కేశుడు. సుకేశుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు జీరబోతుంది. కన్నతల్లి వదిలేసిపోతే ఆ పసివాడు పిడికిలి నోట్లో పెట్టుకుని ఏడ్చాడట. మేష్ట్రు కూడా పిడికిలి నోట్లో పెట్టుకుంటాడు, నెరిసిన మీసాలతో సహా. ఆకాశాన పోతున్న శివపార్వతులు విన్నారు. అప్పుడు పార్వతి ఇచ్చిన వరం ఏమిటంటే, రాక్షసస్త్రీలు గర్భం దాల్చిన వెంటనే కంటారు, పుట్టిన బిడ్డ అప్పటికప్పుడే తల్లి ఈడుకు వస్తాడు. "ఎల్‌కేజీ ఫీజు లేదు, టీసీ లేదు!" అని మేష్ట్రు తొడ కొడతాడు. పొద్దున్నే మనవడి స్కూలు వ్యాన్ కోసం రోడ్డుమీద నిలబడి వచ్చిన మనిషి మరి.

నాగరికత సంగతి అడిగారా, అంతే. లంకను కట్టింది విశ్వకర్మ. హనుమంతుడు లంకలో వెతుకుతుంటే రాత్రి చివరిజామున వేదఘోష వినబడిందని సుందరకాండలో వాల్మీకే రాశాడు. "మన ఊళ్ళో ఆ టయానికి ఏం వినబడతాది? బోరు మోటారు."

ఆయనకు ఒకే ఒక్క చోట నొప్పి. రాముడి సైన్యాన్ని మట్టి కరిపించిన ఊరు ఇది, కానీ ఆ పని చేసినవాళ్ళలో ఒక్క రాక్షసుడూ లేడు. పన్నెండేళ్ళ పిల్లలు ఇద్దరు! ఒక కాలేజీ కుర్రాడు జాలిపడి, "వాల్మీకంలో ఆ యుద్ధమే లేదు మేష్ట్రూ, అక్కడ పిల్లలు రామాయణం పాడతారంతే. కొట్లాట జైమిని భారతంలోది" అన్నాడు. 1963 నాటి 'లవకుశ' సినిమా చూసిన ఊరు ఇలాంటి మాట ఒప్పుకోదు. మేష్ట్రు ముఖం మాత్రం వెలిగిపోయింది. "అట్లయితే మావోళ్ళ పరువు పోలేదు!"

నా ఫిర్యాదు వేరే. ఆయన వీపు ఆనించి కూర్చునే ఆ గుళ్ళు నొలంబుల కాలానివి. యుద్ధాలు చేసిన అసలు రాజులు వాళ్ళు. ఇక్కడి మఠాన్ని 40 ఏళ్ళు ఏలి, 50 గుళ్ళు, 2 పెద్ద చెరువులు కట్టించిన త్రిభువనకర్త అనే యతి గురించి 931 నాటి శాసనం చెబుతోంది. ఒకసారి ఆ యతి పేరెత్తితే మేష్ట్రు, "ఎవరిని కొట్టినాడు?" అన్నాడు. ఎవరినీ కొట్టలేదన్నాను. మళ్ళీ హేతి, ప్రహేతి దగ్గరికి వెళ్ళిపోయాడు.

శివరాత్రి జాతరకు ఆవని వెళ్ళేవాళ్ళు ముందు కొండెక్కి సీతమ్మను చూసి రండి. మేష్ట్రు దగ్గర కూర్చున్నాక ఎక్కుదామంటే పొద్దు ఉండదు.